సొంతదారే రావలెను

పొద్దున ఆరు కాకముందే సైదా కరెంటు ఆఫీసు కిటికీ ముందు నల్లవార్ల చెప్పును నేలమీద పెట్టి, దాని ముక్కు కిటికీ వైపు ఉండేట్టు కాలితో సర్దాడు. అది పద్మావతమ్మ గారి చోటు. ఆవిడ రిటైరయిన పంతులమ్మ, మోకాళ్ళు వంగవు. అక్కడి నుంచి రెండు వీధులు దాటి గ్యాసు కంపెనీ వరండాలోకి వెళ్ళి, సంచీలోంచి ఆకుపచ్చవార్ల చెప్పు తీశాడు. అప్పటికే అక్కడ ఒక ఇటుక, ఒక కిరసనాయిలు డబ్బా, తాడు కట్టిన రాయి, ఇంకో నాలుగు శాల్తీలు వరసలో ఉన్నాయి. వాటి వెనక చెప్పును పెట్టాడు.

ఇది తన చోటు. పెట్టాక ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. లైన్లు కాసిన ఇరవై రెండేళ్ళలో అలా తిరిగి చూడటం అదే మొదటిసారి.

బెజవాడలో ఎవరికైనా లైనులో నిలబడే ఓపిక లేకపోతే సైదాను పిలుస్తారు. రైలు రిజర్వేషను, నీళ్ళ పన్ను, ఫోను బిల్లు, ఆస్పత్రి చీటీ, ఏదయినా సరే. ఇచ్చినంత పుచ్చుకుంటాడు. ఒకేసారి రెండు మూడు లైన్లుంటే చెప్పులు నిలబడతాయి, సైదా వాటి మధ్య తిరుగుతుంటాడు. సంచీలో ఎప్పుడూ ఒంటి చెప్పులే. జత పెడితే గంటలో మాయమవుతుందనీ, ఒంటి చెప్పును దొంగ కూడా జాలిపడి వదిలేస్తాడనీ అతని లెక్క. ఆ చెప్పుల్ని ఊరంతా ఎరుగుదురు. లైను కదిలితే వెనకవాడు కాలిబొటనవేలితో ఒక జానెడు ముందుకు తోస్తాడు తప్ప, దాటిపోయే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మెడ కాస్త ముందుకు సాగి ఉంటుంది. ముందున్న మనిషి భుజం మీదుగా కిటికీలోకి చూసీ చూసీ అది అట్లా సాగిందని గిట్టనివాళ్ళంటారు. కుడికాలి మీద కాసేపు, ఎడమకాలి మీద కాసేపు బరువు మారుస్తూ, కొంగలాగా రోజంతా నిలబడగలడు. కూర్చుంటేనే ఒళ్ళు నొప్పులంటాడు.

ఇవాళ మాత్రం నిలబడితే ఎడమ భుజం లాగుతోంది. తెల్లవారుజామున ఇంట్లో నీళ్ళ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. భార్య మెహబూబ్ బీ చూసింది. ఏమయిందని అడగటానికి ఆమెకు ఊపిరి చాలలేదు. పొట్టుపొయ్యి ముందు కూర్చుని దగ్గుతోంది. రంపప్పొట్టు డబ్బాలో కూరి, మధ్యలో కర్ర పెట్టి తీసి, ఆ బొక్కలో మంట పెట్టే పొయ్యి అది. మంట తక్కువ, పొగ ఎక్కువ. ఇక ఆ పొగ దగ్గర కూర్చుంటే రెండో ఊపిరితిత్తి కూడా పోతుందని పెద్దాసుపత్రి డాక్టరు నిరుడే చెప్పాడు.

గ్యాసుకు పేరు రాయించింది ఎనభై తొమ్మిదిలో. ఆ సంబరంలో సైదా వించిపేటలోని ఆ ఒక్క గదిలో, గోడవారన నడుమెత్తు సిమెంటు గట్టు కట్టించాడు. నిలబడి వండుకోవచ్చని. ఏడేళ్ళూ ఆ గట్టు మీద ఉప్పుజాడీ, విరిగిన రేడియో కాపురం చేశాయి. రెండు వారాల కిందట ఉత్తరం వచ్చింది. పదిహేను రోజుల్లో కాగితాలు చూపించి కనెక్షను తీసుకోకపోతే రద్దు, మళ్ళీ మొదటినుంచీ రాయించుకోవాలి. ఆ పదిహేను రోజుల్లో పద్నాలుగు రోజులు సైదా వేరేవాళ్ళ లైన్లలో ఉన్నాడు. ఎవరో ఒకరు పిలవటం, తను పోవటం. ఇవాళ పదిహేనోది.

"ఏమయ్యా, ఇవాళయినా నీ లైనులో నువ్వు నిలబడు" అంది మెహబూబ్ బీ. అతను బయల్దేరేసరికి ఆమె ఉప్పుజాడీ దించి, గట్టును తడిగుడ్డతో తుడుస్తోంది.

సరేనన్నాడు. అన్నాక కూడా పద్మావతమ్మ గారి బిల్లు జేబులో పెట్టుకునే బయల్దేరాడు. అలవాటు.

కరెంటు బిల్లు కట్టి వచ్చేసరికి పదిన్నర. ఆకుపచ్చ చెప్పు ముందు ఇంకా నలుగురున్నారు. వెనక రత్తయ్య నిలబడి ఉన్నాడు. ఉయ్యూరు దగ్గర చెరుకు రైతు, ఇప్పుడు గవర్నరుపేటలో కూతురింట్లో ఉంటున్నాడు. డెబ్భై దాటినా తన లైనులో తనే నిలబడతాడు.

"ఏరా సైదా, ఇవాళ ఎవరి పుణ్యం?"

"నాదే బాబాయ్."

"నీదా! బెజవాడలో వాన పడుద్ది ఇయ్యాళ."

రోహిణి కార్తె. ఎండకు రోళ్ళు పగలటం సంగతి అటుంచితే, వరండా బయట ఖాళీ సిలిండర్లు ముట్టుకుంటే అట్లు పోయవచ్చు. లైనులో జనం చిరచిరలాడుతున్నారు. అలాంటప్పుడు కథ చెప్పటం సైదా పద్ధతి. కథ వింటున్నవాడు తోసుకోడు.

"బాబాయ్, మీ ఊళ్ళో పంచదార ఫ్యాక్టరీ దగ్గర చెరుకు బండ్ల లైను గుర్తుందా? నేను పని నేర్చుకుంది అక్కడే గదా. రైతులు ఇళ్ళకిపోతే బండికి రూపాయి చొప్పున కాపలా కాసేవాణ్ణి. ఒక ఏడు లైను ఎంత పొడుగయిందంటే, చివరి బండి తోలుకొచ్చిన కుర్రాడికి లైనులోనే మీసాలొచ్చినై. లైనులోనే పెళ్ళి కుదిరింది. పిల్ల ఎవరనుకున్నారు? వెనక బండాయన కూతురే!"

"కట్నం ఏంటంట?"

"ముందు చోటిచ్చారంట!"

లైనంతా నవ్వింది. సైదా నవ్వబోయి భుజం పట్టుకున్నాడు.

కిటికీ లోపల బాలశౌరి. నలభై ఏళ్ళవాడు, చెవిలో పెన్ను, టేబులు ఫాను గాలికి కాగితాలు లేచిపోకుండా రెండు మోచేతులూ వాటిమీదే. సైదా మొహం చూడగానే అతని పెదవి వంకరపోయింది.

"ఇవాళ ఎవరి తమ్ముడివి సైదా?"

పదకొండేళ్ళుగా ఈ కిటికీ దగ్గర సైదా ఒకరోజు లాయరుగారి తమ్ముడు, ఒకరోజు పద్మావతమ్మ గారి తోడికోడలి అన్న, మరొకరోజు రైల్వే గార్డు బావమరిది. ఇంటివాళ్ళయితేనే తీసుకుంటామన్న రోజున చుట్టరికం కలపక తప్పదు. ఆ లెక్కన బెజవాడ మొత్తానికి బావమరిది సైదా ఒక్కడే.

"ఎవరి తమ్ముణ్ణీ కాదండీ. ఇది నాదేనండీ" అని ఉత్తరం, రేషను కార్డు లోపలికి తోశాడు.

"బాగుంది. ఇవాళ నువ్వు నువ్వే అయ్యావన్నమాట." బాలశౌరి పెన్నుతో గోడమీది కొత్త బోర్డు చూపించాడు. దళారులకు ప్రవేశము లేదు. సొంతదారే రావలెను.

"సొంతదారునే వచ్చానండీ."

"ఏంటి సాక్ష్యం?"

"రేషను కార్డు ఉందిగదండీ."

"దానికి మొహం ఉందా? ఊళ్ళోవాళ్ళ రేషను కార్డులన్నీ తెచ్చేది నువ్వేగదయ్యా. ఫోటో ఉన్న ఓటరు కార్డు తే."

సైదా తల గోక్కున్నాడు. "ఫోటోలు దించిన రోజున స్కూలు దగ్గర పద్నాలుగు మందికి లైను కాశానండీ. నా వంతొచ్చేసరికి కెమెరా కట్టేశారండీ."

వెనకెవరో కిసుక్కుమన్నారు. బాలశౌరి నవ్వలేదు. గొంతు తగ్గించి, "లోపల పై ఆఫీసు నుంచి వచ్చినాయన కూర్చున్నాడు. అనుమానం వస్తే పోయేది నా ఉద్యోగం. పాస్‌పోర్టు ఫోటో తీయించు, దానిమీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టించు. నాలుగింటిలోపు రా" అన్నాడు.

"నన్ను మీరు పదకొండేళ్ళుగా చూస్తున్నారు గదండీ."

"అందుకేనయ్యా నమ్మలేకపోతున్నాను."

సైదా కాగితాలు తీసుకుని లైను చివరికి నడిచి, ఆకుపచ్చ చెప్పును మళ్ళీ మొదటినుంచీ పెట్టాడు. సిలిండర్ల లోడు రాలేదు, మధ్యాహ్నం రమ్మన్నారని సణుక్కుంటూ రత్తయ్య కూడా వెనక్కే వచ్చాడు.

"పోయిరారా. నీ చెప్పును నేను తంతా ఉంటాలే."

స్టూడియోలో స్టూలు మీద కూర్చోపెట్టి గడ్డం పైకెత్తమన్నారు. సైదా మెడ ముందుకే సాగుతోంది. ఫోటోగ్రాఫరు మూడుసార్లు వచ్చి తల వెనక్కి నెట్టాడు. అర్జంటు ఫోటోకే గంటన్నర పట్టింది. తడి ఆరని బొమ్మను చేతికిస్తే సైదా చాలాసేపు చూశాడు. పెళ్ళికి ఫోటో లేదు. కాబట్టి తనను తాను కాగితం మీద చూసుకోవటం ఇదే మొదలు. బుగ్గలు లోపలికిపోయిన ఒక ముసలివాడు ఎవరి భుజం మీదుగానో చూస్తున్నట్టు చూస్తున్నాడు. 'ఈయనకు ఏ లైను కాయాలో' అన్నట్టుంది.

గెజిటెడ్ ఆఫీసర్లలో సైదాకు తెలిసిన దిక్కు పశువుల డాక్టరు వెంకటకృష్ణారావు గారొక్కరే. రెండేళ్ళ కిందట ఆయన కోసం తిరుపతి టిక్కెట్లకు సైదా లైను కాశాడు. ఇప్పుడు ఆటో ఎక్కుదామనుకుని, దగ్గరే కదా అని నడిచాడు. పశువుల ఆస్పత్రి చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. డాక్టరుగారు భోజనానికి వెళ్ళారు. తిరిగొచ్చాక ఒక పాడిగేదె వంతు ముందుంది. దాని వెనక నిలబడ్డాడు.

"ఇతన్ని నేనెరుగుదునని రాయాలి" అన్నారాయన చేతులు కడుక్కుంటూ. "లైను సైదా అని తెలుసు. అసలు పేరేమిటి? తండ్రి పేరు?"

సైదా ఫోటో వంక చూశాడు. నలభై మంది తండ్రుల పేర్లు, డోరు నంబర్లతో సహా అతనికి నోటికి వచ్చు. ఏ కిటికీలో అడిగినా తడుముకోకుండా అప్పజెబుతాడు. తన తండ్రి పేరు నాలుకమీదికి రావటానికి గేదె ఒకసారి తోక ఊపినంతసేపు పట్టింది.

"షేక్ మస్తానండీ. నేను షేక్ సైదానండీ."

డాక్టరుగారు ఫోటో మీద సగం, కాగితం మీద సగం వచ్చేట్టు సంతకం పెట్టి, పశువైద్యశాల ముద్ర కొట్టారు. "నీరసంగా ఉన్నావేమయ్యా? మనుషుల డాక్టరుకు చూపించుకో" అన్నారు.

"రేపు చూపించుకుంటానండీ. ఇవాళ నాలుగింటిలోపు వెళ్ళాలండీ."

వచ్చేసరికి మూడుంపావు. రత్తయ్య మాట నిలబెట్టుకున్నాడు. చెప్పు ముందు ఏడుగురే ఉన్నారు. సైదా ఫోటోను ఆయనకు చూపించాడు.

"ఎవర్రా ఈ ముసలోడు?" అన్నాడు రత్తయ్య.

"గ్యాసు సొంతదారంట బాబాయ్."

అని, ఎన్నడూ లేనిది, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. కాళ్ళు చాపుకున్నాడు. అరికాళ్ళు పగిలి, ఎండిన చేలో నెర్రెల్లాగా ఉన్నాయి. ఉత్తరం, కార్డు, ఫోటో మడత పడకుండా చొక్కా జేబులో పెట్టి పైన చెయ్యి వేసుకున్నాడు.

"నా వంతొస్తే లేపండి."

"లేపకేం. పొద్దున చెప్పావే, ఆ చెరుకు బండి ఇంతకీ కాటా ఎక్కిందా లేదా?"

"ఎక్కింది బాబాయ్" అన్నాడు సైదా కళ్ళు మూసుకుని. "ఎక్కేసరికి చెరుకు బండిలోనే వేళ్ళూని, మారాకు తొడిగి, బరువు రెండింతలయింది. అప్పుడు కాటా గుమస్తా ఏమన్నాడంటే..."

ముందువాడు కదిలాడు. రత్తయ్య చెప్పును ఒక జానెడు తోసి, మిగతా కథ కోసం చూశాడు. సైదా సరైన మాట కోసం వెతుక్కుంటున్నవాడిలాగా ఉన్నాడు. వెతుక్కోనీలెమ్మని ఊరుకున్నాడు. ఒకరు వెళ్ళారు. ఇంకొకరు వెళ్ళారు. ఒకామెకు కాగితం చాలక గొడవపడి వెళ్ళింది. చెప్పు జానెడు జానెడు చొప్పున కదిలి, నాలుగుకు పది నిమిషాలుండగా కిటికీ కిందికి చేరింది.

"లేవరా సైదా, నీ వంతు."

లేవలేదు. రత్తయ్య వంగి భుజం తట్టాడు. తట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. చెరుకు రైతు, ఎద్దుల్నీ మనుషుల్నీ చాలామందిని సాగనంపినవాడు. ఎవరినీ కేకెయ్యలేదు. సైదా చేతిని జేబు మీదినుంచి మెల్లిగా తప్పించి, కాగితాలు తీసుకుని, కిటికీలోకి పెట్టాడు.

"ఇదిగో నాయనా ఫోటో. సంతకం కూడా ఉంది."

"సొంతదారు రావాలండీ" అన్నాడు బాలశౌరి తలెత్తకుండానే.

"వచ్చాడు. అదిగో, స్తంభం దగ్గర. చూసుకో."

బాలశౌరి లేచి, ఊచల మధ్యనుంచి చూశాడు. ఫోటో చూశాడు, మళ్ళీ స్తంభం వైపు చూశాడు. రెండూ ఒకటే మొహం. అతని చేతిలో రబ్బరు ముద్ర ఇంకుపాడ్ మీద ఆగిపోయింది. తర్వాత పక్క తలుపు తీసుకుని బయటికొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, "సైదా... సైదా గారూ" అన్నాడు. ఆ కిటికీ దగ్గర అతన్ని ఎవరయినా గారూ అనటం అదే మొదలు.

లైను చెదిరింది. ఎవరో రిక్షా పిలిచారు. నలుగురు పట్టి ఎక్కించారు. రత్తయ్య పక్కన కూర్చుని, వాలిపోతున్న తలను తన భుజానికి ఆనించుకున్నాడు. వించిపేట అని రిక్షావాడికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.  ఇంటి డోరు నంబరు ఆయనకే కాదు, అక్కడున్న ఎవ్వరికీ తెలియదు. కిటికీలోంచి ఉత్తరం వెనక్కి తెచ్చి చూశారు.

గడియారం నాలుగు కొట్టింది. లోపలాయన వచ్చి రిజిస్టరులో ఆ రోజుకు గీత గీయమంటే, బాలశౌరి సైదా పేరుకెదురుగా 'సొంతదారు వచ్చినారు' అని రాశాడు. చేయవలసిన సంతకం చోటు ఖాళీగా ఉందని, లోపలాయన దానిమీద అడ్డంగా రద్దు అని రాశాడు.

ఆఫీసులో పనిచేసే అమలమ్మ చీపురుతో వరండా ఊడ్చుకుంటూ వచ్చింది. ఇటుకను, డబ్బాను, రాయిని గోడవారకు నెట్టింది. ఆకుపచ్చవార్ల చెప్పు దగ్గరికొచ్చేసరికి చీపురు ఆపి, దాని చుట్టూ ఊడ్చి, దాన్ని మాత్రం కదపకుండా వెళ్ళింది. షట్టరు దిగాక కిటికీ కింద ఆ ఒంటి చెప్పే మిగిలింది, ముక్కు లోపలి వైపు పెట్టుకుని, రేపటి లైనులో మొదటి చోటులో.