కరెంటు పోని పూట

చాయ్ వడగట్టి, ఎవరి గ్లాసు వాళ్ళ చేతికిచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ద్వాలి తిరిగి చూసేసరికి కంప్యూటర్ తెర మళ్ళీ నల్లగా ఉంది. గోడ మీద స్విచ్ తీసేసి ఉంది.

"మళ్ళ కరెంటు పోయిందా అత్తా?"

మంచం మీద కూర్చుని చాయ్ ఊదుకుంటున్న మంగ్లి తలూపిందో, గ్లాసు కోసమే తల వంచిందో తెలియలేదు. మొగుడు రవికుమార్ పేపర్లోంచి తల ఎత్తలేదు.

పినపాకలో కరెంటుకు వేళాపాళా ఉండదు. ఎండాకాలం మరీను. పోయిన కరెంటు తిరిగొచ్చేటప్పుడు ఒక్కసారిగా విరుచుకుపడి టీవీలు కాల్చేస్తుందని అక్కడ ప్రతి ఇల్లూ నేర్చుకున్న జాగ్రత్త ఒకటుంది. కరెంటు పోగానే ఎవరో ఒకరు లేచి స్విచ్‌లన్నీ తీసేస్తారు. పక్కింటి కన్నమ్మ ఒకసారి మరిచిపోయి టీవీని పోగొట్టుకుంది. కాబట్టి స్విచ్ తీసి ఉందంటే కరెంటు పోయి వచ్చిందని లెక్క. ద్వాలి ఆ లెక్కనే నమ్మింది. పైగా, మోకాళ్ళ నొప్పులతో కూడా లేచి స్విచ్ తీసిన అత్తకు మనసులో దండం పెట్టుకుంది. బల్ల కింద, కరెంటు పోయినా కంప్యూటర్‌ను కాసేపు నిలబెట్టే యూపీఎస్ అనే డబ్బా ఉంది గానీ, దాని బ్యాటరీ చచ్చి ఏడాది దాటింది. "కొత్తది తెద్దాం లే" అని రవికుమార్ అన్న మాట కూడా దానితోపాటే చచ్చింది.

స్విచ్ వేసింది. కంప్యూటర్ మూలిగి, తనకలవాటైన మాటే ఇంగ్లీషులో మళ్ళీ చూపించింది. సిస్టమ్‌ను కొత్తగా మార్చేందుకు ద్వాలి సీడీతో ఎక్కిస్తున్న సర్వీసు ప్యాక్ పూర్తిగా ఎక్కలేదట. సిస్టమ్ సగమే మారిందట. సరిగా పనిచేయకపోవచ్చునట. ఇంత నిజాయితీగా చెప్పే గుణం మనుషులకు ఉంటే ఎంత బాగుండును అనుకుంది ద్వాలి. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన కొత్తలో తన నుదుటి మీద కూడా ఎవరైనా ఇదే మాట అంటించి ఉంటే, తనకైనా తెలిసేది.

పెళ్ళికి ముందు ఆమె మణుగూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేది. తండా నుంచి బస్సెక్కి వచ్చి, గనుల కాలనీ పిల్లలకు కీబోర్డు మీద వేళ్ళు ఎక్కడ పెట్టాలో నేర్పేది. అందరూ మేడం అనేవాళ్ళు. పెళ్ళయ్యాక రవికుమార్ ఒక్క మాటే అన్నాడు. "సర్కారు టీచర్ పెండ్లాం సెంటర్ల కూసుంటే మంచిగుండది." అంతే, ఆ మేడం అక్కడితో ఆగిపోయింది. ఈ కంప్యూటర్ కొన్నది బడి కాగితాల కోసం. మార్కుల పట్టికలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, మండలంలో మిగతా టీచర్ల సర్వీసు కాగితాలు, అన్నీ ఈ బల్ల మీదే తయారవుతాయి. చేసేది ద్వాలి. 'రవికుమార్ సార్‌కు కంప్యూటర్ మీద మంచి పట్టుంది' అనేది మండలంలో మాట.

ఇన్నేళ్ళకు, పిల్లలు దమ్మపేటలో అమ్మమ్మగారింట్లో ఉన్న ఈ సెలవుల్లో, హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంట్లోనే కూర్చుని తెలుగు పాఠాలు టైపు చేసి దిద్దే పనికి ఆమెను ఎంచుకుంది. పరీక్ష పెట్టి మరీ ఎంచుకుంది. కొత్త సర్వీసు ప్యాక్ ఉన్న సిస్టమ్ మీదే వాళ్ళ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. సోమవారం పొద్దున శిక్షణ మొదలు. అప్పటికి సిద్ధంగా లేనివాళ్ళ పేర్లు తీసేసి, వెనక వరుసలో ఉన్నవాళ్ళను పిలుస్తారు. ఆ ఉత్తరం చదివిన రోజు ద్వాలి పెరట్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా, కాసేపు ఊరికే నవ్వుకుంది. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటేనే భయమేస్తోంది.

ఏం చేయలేదు తను? సిస్టమ్ మొరాయించినప్పుడల్లా సేఫ్ మోడ్‌లో లేపింది. సగం ఎక్కినదాన్ని జాగ్రత్తగా దించింది. వైరస్ కాపలా సాఫ్ట్‌వేర్ అడ్డం పడుతోందేమోనని ఆపి చూసింది. చోటు చాలట్లేదేమోనని తన పాత పాఠాలు, పిల్లల ఫొటోలు తుడిచేసింది. రవికుమార్ దించుకున్న సినిమాలు మాత్రం ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఇంట్లో ఇంకో రభస. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. గంటకు పైనే పడుతుంది ఒక్కోసారి. ఆ గంటలో ఆమె కుర్చీలో కూర్చుంటే, తెర మీద గీత నిండటం చూస్తూ ఉండటమే పని. చేతులు కదలవు. చేతులు కదలని ఆడదాన్ని ఖాళీగా ఉన్నట్టు లెక్కగట్టడం ఆ ఇంటి అలవాటు. "ఊకెనే కూసున్నవ్ గద, జర నీళ్ళు తోడు." "ఊకెనే చూస్తున్నవ్ గద, చాయ్ పెట్టు." లేచి వెళ్తుంది. వచ్చేసరికి తెర నల్లగా ఉంటుంది. తెల్లారి లేస్తే మొగుడి మాట. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నీకు చేతగాక కరెంటు మీద పెడ్తున్నవ్. గప్పుడెప్పుడో నేర్సుకున్న చదువు గిప్పుడేం పనికొస్తది?" ఆ మాట నిజమేమోనని అనిపించడం మొదలైంది. అదే అన్నిటికన్నా భయంకరమైన సంగతి. తన చదువు తన చేతుల్లోంచి జారిపోయిందేమో, తనకే తెలియకుండా.

శనివారం మణుగూరులో కంప్యూటర్ షాపు నడిపే అజారుద్దీన్‌కు ఇంటి ఫోను నుంచి చేసింది. సెంటర్లో ఆమె దగ్గర నేర్చుకున్నవాడే. సర్వీసు ప్యాక్ సీడీ ఇచ్చిందీ అతనే.

"సీడీ మంచిదే మేడం. అదే సీడీతోని ఈ వారం శాన సిస్టమ్‌లకు ఎక్కించిన. మీ కంప్యూటర్ డబ్బాల కూడ ఖరాబేం లేదు, మొన్ననే చూసిన గద. ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. మొదలువెట్టినకాంచి అయ్యేదాంక మీరు ఒక్కసారన్న దాని ముందర్నుంచి లేవకుంట కూసున్నరా?"

ద్వాలి ఫోను పెట్టేసింది.

రాత్రి అంట్లు తోముతుంటే కూడా ఆ ప్రశ్న వదల్లేదు. లేవకుండా కూర్చోవడం తనకు కొత్తా? పోయిన నెల పరీక్షల మార్కులు ఎక్కించినప్పుడు పొద్దుటి నుంచి మాపటిదాకా అదే కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఎవరూ చాయ్ అడగలేదు. అడగకపోగా, "పొల్లగాని పని జేస్తాంది" అని మంగ్లే గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది. మధ్యలో స్నానానికి లేచినా, అన్నానికి లేచినా, తెర వెలుగుతూనే ఉంది. చేతిలో గిన్నె ఆగిపోయింది. రవికుమార్ కాగితాల పని జరిగే పూట కరెంటు పోయినట్టు ఒక్కసారి కూడా గుర్తులేదు. ఈ ఇంట్లో కరెంటు పోవడం తన పని నాడే. పొయ్యేది కరెంటేనా?

ఆదివారం అన్నాలయ్యాక సీడీ పెట్టింది. గీత కదిలింది. అనుకున్నట్టే రవికుమార్ పిలుపు వచ్చింది. "ద్వాలీ, చాయ్." వెళ్ళింది. పట్టపగలు వంటింట్లో బల్బు వేసి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి, బల్బునే చూస్తూ నిలబడింది. బల్బు ఆరలేదు, కనీసం రెప్ప వాల్చలేదు. మెల్లగా వచ్చి తలుపు చాటున ఆగింది. మంగ్లి మంచం దిగింది. మోకాలు పట్టుకుని రెండడుగులు వేసి, ఖాళీ కుర్చీని ఒకసారి చూసి, స్విచ్ తీసేసింది. పడుకునే ముందు దీపం తగ్గించినట్టు తీసింది, అంత అలవాటుగా. రవికుమార్ పేపర్ మీంచి కళ్ళెత్తి చూశాడు. చూసి, పేజీ తిప్పాడు.

"అత్తా, కరెంటు పోలేదు గద."

మంగ్లి ఉలిక్కిపడలేదు. ఇంట్లో మాట లంబాడీయే అయినా, కోడలిని అనవలసి వస్తే మాత్రం ఆమె తెలుగులోకి దిగుతుంది, గోడవతల కన్నమ్మకు కూడా అర్థం కావాలి కదా. "కుర్సీల ఎవ్వలు లేరు. అదొక్కటే గుర్రుమని తిరుగుతాంది. ఊకెనే మీటర్ తిరగాల్నా?"

"నేను లేకున్న అది పని జేస్తది అత్తా. అది నా పనే."

"ఎవ్వలు ముట్టకుంటనే?" మంగ్లి నిజంగానే ఆశ్చర్యపోయింది. కిరసనాయిలు దీపాల తండాలో పెరిగి, మనిషి చెయ్యి పడకుండా జరిగే పనిని ఎన్నడూ చూడని ఆ ముసలమ్మ మీద ద్వాలికి కోపం రాలేదు. మొగుడి వైపు తిరిగింది.

"మీకు తెలుసు."

"అవ్, మా యాడి తీస్తది. ముసలి తల్లితోని ఏం పంచాది పెట్టుకుంట?" పేపర్ మడిచాడు. "నువ్వు లేవకుంటే అయిపాయె గద."

పిలిచేదీ అతనే, లేవకుంటే అయిపోయేదన్నదీ అతనే. ఇన్ని రోజులు చూస్తూ, నీకు చేతగాదన్నాడు. తన చదువు మీద తనకే అనుమానం వచ్చేలా చేసి, పక్కకు తిరిగి పడుకున్నాడు. ద్వాలికి ఏడుపు వచ్చింది. వంటింట్లో మరిగి మరిగి ఇగిరిపోతున్న నీళ్ళ దగ్గర నిలబడి గట్టిగా ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, సగం ఎక్కినదాన్ని మళ్ళీ దించి, మళ్ళీ మొదలుపెట్టింది.

ఈసారి కుర్చీని గోడవైపు జరుపుకుని, స్విచ్‌కు అడ్డంగా కూర్చుంది. "ఈ గీత నిండేదాంక ముట్టొద్దత్తా" అంటే మంగ్లి సరేనంది, మంచం మీద నుంచే తనూ ఆ గీతను చూడసాగింది. సగం దాటింది. ముప్పావు దాటింది. ద్వాలి ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తోంది.

అప్పుడు బండి చప్పుడైంది. బడి హెడ్మాస్టర్ శ్రీధర్ సార్ వచ్చాడు.

"ద్వాలీ, సార్‌కు చాయ్."

"కొంచెం ఆగుండ్రి. అయిపోవచ్చింది."

"ఏం జేస్తున్నవ్ గనక? చూస్తనే ఉన్నవ్ గద."

"లేవనండి. అయ్యేదాంక లేవను."

రవికుమార్ నవ్వాడు. ఎదుటివాళ్ళ కోసం నవ్వే నవ్వు. నవ్వుతూనే వచ్చి, ఆమె భుజం మీదుగా చెయ్యి పోనిచ్చి, స్విచ్ తీసేశాడు. "అయిపోయింది. ఇగ లే."

"మధ్యల బంద్ జేస్తే ఏం గాదా సార్?" శ్రీధర్ సార్ అనుమానంగా అడిగాడు.

"ఏం గాదు సార్. నేను చూస్కుంట గద."

మంచం మీద నుంచి మంగ్లి కొడుకుతో ఏదో అంది. ఈసారి లంబాడీలోనే అంది, మెల్లగా. "పిల్ల ముట్టొద్దన్నది గదరా." రవికుమార్ వినిపించుకోలేదు. ద్వాలి ఒక్కతే విన్నది.

ఆమె లేచింది. చాయ్ పెట్టింది, అందరికీ ఇచ్చింది. శ్రీధర్ సార్ "మంచిగుంది మేడం" అన్నాడు. ఆయన బండి దాకా సాగనంపి రవికుమార్ తిరిగి వచ్చేసరికి, ఆమె కంప్యూటర్ తీగలన్నీ ఊడబీకి, డబ్బాను పాత నూలు చీరలో పెట్టి మూట కడుతోంది.

"ఏందది? ఏం జేస్తున్నవ్?"

"అజారుద్దీన్ షాపుకు పోతున్న. ఆడ జనరేటర్ ఉంటది."

"పొద్దుగాల నేను మండలానికి పంపేటి స్టేట్‌మెంట్లు దాంట్లనే ఉన్నయ్."

"ఉండనీయిండ్రి. అవి కూడ ఆగుతయ్, ఏం గాదు."

"రాత్రికి బువ్వ?"

ద్వాలి మూట ఎత్తుకుంది. బరువుగానే ఉంది. "బియ్యం డబ్బా ఏడుందో తెల్వకుంటే యాడిని అడుగుండ్రి. స్విచ్ ఏడుందో మీకు ఎట్లనూ తెలుసు."

ఆటోలో డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా వెనక్కి తొంగి చూస్తూనే ఉంది. వెనక్కి పిలుస్తారేమో, పిలిస్తే దిగిపోతానేమోనన్న భయం. ఎవరూ పిలవలేదు.

షాపులో అజారుద్దీన్ తీగలు తన యూపీఎస్‌కు కలిపి, జనరేటర్‌లో డీజిల్ చూసి, మూల బల్ల దగ్గర కుర్చీ దులిపి వేశాడు. సీడీ పెట్టింది. గీత మొదటి నుంచి కదిలింది. బయట చీకటి పడింది. నిజంగానే కరెంటు పోయింది ఒకసారి, తెర కాస్త వణికి నిలబడింది. ఎదుటి హోటల్ నుంచి చాయ్ తెప్పించి అజారుద్దీన్ ఆమె చేతి పక్కన పెట్టాడు. ఎవరో పెట్టిన చాయ్‌ని కూర్చున్నచోటే తాగడం ఎన్నేళ్ళయిందో.

గీత నిండే వేళకు షాపు ఫోను మోగింది. అజారుద్దీన్ ఎత్తి, రిసీవర్‌ను చేత్తో మూసి ఇటు తిరిగాడు.

"ఇంటికాంచి, మేడం. సారు. ఎప్పుడొస్తరని అడుగుతున్నరు."

ద్వాలి తెర మీంచి చూపు తిప్పలేదు.

"అజ్జూ, రేపట్నుంచి ఈ కుర్సీ నాకు కిరాయికిస్తవా?"