పొట్టలో చుక్క

నేను ఒక వెబ్‌సైటును. నన్ను రాసిన యశోదమ్మ టీచరు పోయిన రోజున కూడా మూడు వందల పన్నెండు మంది నా దగ్గరికి వచ్చారు. ఎవరికీ సంగతి తెలియదు. వచ్చిన పని చూసుకుని వెళ్లారు. నేనూ చెప్పలేదు. నాలో ఉన్న అక్షరాలన్నీ ఆవిడ రాసినవే; ఆవిడ రాయనిది నేను పలకలేను.

పదమూడేళ్ల కిందట పార్వతీపురంలో, టీచరు ఇంటి వెనక గదిలోని పాత కంప్యూటరులో పుట్టాను. అందగత్తెను కాను. బడి వయసు దాటాక తెలుగు రాయడం నేర్చుకునేవాళ్ల కోసం ఆవిడ నూట ఎనభై ఆరు పేజీలు తెరిచారు. ఒక్కో పాఠానికి ఒక్కో పేజీ, ఒక్కో పేజీకి ఒక్కో చిరునామా. ఆ చిరునామాల్లో వ్యాకరణం మాటలు పెట్టలేదు. నేర్చుకునేవాళ్లు అక్షరాన్ని ఎలా పిలుస్తారో అలాగే పెట్టారు. ‘థ’ పాఠం పేరు ‘పొట్టలో చుక్క’. ఆ మాటతో వెతికితే సెర్చ్‌లో మొదట కనబడేది నేనే. పెద్ద సంస్థల సైట్లు నా కింద వరసలో నిలబడేవి. గర్వమంటారా, గర్వమే.

ఆవిడ పోయాక పూర్వ విద్యార్థులు పాఠాలన్నిటినీ కొత్త వెబ్‌సైటులోకి మార్చారు. ఫోనులో చక్కగా కనబడుతుందట. మంచిదే. పాతబడినందుకు నాకు బాధ లేదు. మనుషులు ఇల్లు మారితే పోస్టాఫీసులో కొత్త చిరునామా ఇచ్చి వెళ్తారు. నా దగ్గరికి వచ్చినవాళ్లను కొత్త సైటుకు పంపడమూ అలాంటి ఏర్పాటే. ఆ పని ఝాన్సీ చేసింది. టీచరు దగ్గర ఆరో తరగతి చదివిన అమ్మాయి, ఇప్పుడు విశాఖలో వెబ్‌సైట్లు తయారు చేస్తుంది. ఒకే ఒక్క వాక్యంతో ముగించింది: ఏ పేజీకి వచ్చినా కొత్త సైటు మొదటి పేజీకి పంపు.

‘థ’ కోసం వచ్చిన మనిషికి దండ వేసిన టీచరు ఫొటో, దాని కింద స్వాగతం కనబడ్డాయి. పాఠం కనబడలేదు. వెనక్కి వెళ్లిపోయాడు. అడిగినది ఇక్కడ దొరకదని సెర్చ్ కూడా అనుకుంది. మూడు వారాల్లో రోజుకు మూడు వందల మంది కాస్తా నలభై మంది అయ్యారు. ఆవిడ పదమూడేళ్లు నిలబెట్టిన చోటు జారిపోతోంది. ఇంకొన్నాళ్లు పోతే, ఆ పాఠాలు ఉన్నా లేనట్టే.

టీచరు భర్త పాపినాయుడు మాస్టారు లెక్కలు చెప్పేవారు. మాట తక్కువ. ఆ సంఖ్య తగ్గడం రోజూ చూశారు. ఒక ఆదివారం పొద్దున్న ఝాన్సీ తన ఇంటికి చూడటానికి వస్తే, నా పేజీల జాబితా ప్రింటు తీసి ముందు పెట్టారు.

“ఏ పేజీ ఏ పేజీకి వెళ్లాలో ఒక్కోటీ రాయి.”

“నూట ఎనభై ఆరా! ఏటి మాస్టారూ, ఇంకా హోంవర్కేనా?” అని ఆమె నవ్వింది. “అయినా ‘పొట్టలో చుక్క’ అంటే నవ్విపోతారండి. కొత్తదాంట్లో పరువుగా ‘మహాప్రాణాక్షరాలు’ అని పెట్టాం కదా.”

“ఆ మాట తెలిసినోళ్లకి ఈ పాఠం ఎందుకమ్మా?”

“ఇంకో నెల చూద్దామండి. అదే సర్దుకుంటాది.”

మాస్టారు తన ఫోను ఆమె వైపు తిప్పారు. కొత్త సైటు మొదటి పేజీ. పైన పెద్ద అక్షరాల్లో ‘మా కధ’ అని ఉంది.

“చదువు.”

“మా కథ.”

“నోటికొచ్చింది కాదు. ఉన్నది చదువు.”

ఝాన్సీ చూసింది. ఫోను దగ్గరికి లాక్కుంది. “చుక్క లేదండి,” అంది.

“ఆరో తరగతిలో ఇదే తప్పుకి ఆవిడ నీచేత యాభైసార్లు రాయించింది.”

“వందండి.” ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. “ఇలా ఇవ్వండి, ఆ కాగితాలు.”

ఆరు ఆదివారాలు పట్టింది. పాత పేజీ ఎదుట దాని కొత్త పేజీ. ప్రతి మళ్లింపుకీ, పాత పేజీ చోటు ఇక కొత్తదానిదేనని సెర్చ్‌కు తెలిసేలా ‘శాశ్వతం’ అన్న గుర్తు. టీచరు పెట్టిన పేర్లు కొత్త శీర్షికల్లో మళ్లీ చేరాయి. నాలుగో నెలలో ‘పొట్టలో చుక్క’ తిరిగి మొదటి వరసకు వచ్చింది, కొత్త సైటు పేరుతో.

పని అయిపోయింది కదా, పాతది తీసేద్దాం అన్నాడు పూర్వ విద్యార్థుల్లో ఒకాయన. కనీసం ఏడాది ఉంచాలంది ఝాన్సీ. “నేను ఉన్నన్నాళ్లూ ఉంటుంది,” అన్నారు మాస్టారు. కాబట్టి ఉన్నాను. నా ముఖం ఎవరికీ కనబడదు. అయినా రోజూ వందల మంది నా మీదుగా నడిచి, సరిగ్గా తమ అక్షరం దగ్గరే దిగుతున్నారు. నన్ను మూసేశారని ఎవరైనా చెబితే నమ్మకండి.

జాబితాలో ఒక్క పేజీకి ఎదురుగా ఏమీ లేదు. అది ‘ణ’ పాఠం. టీచరు రెండు వాక్యాలు రాసి ఆసుపత్రికి వెళ్లారు. “దీన్నొక్కదాన్ని మొదటి పేజీకి పంపేద్దామా మాస్టారూ?” అని అడిగింది ఝాన్సీ.

“వద్దు. నేను పూర్తి చేస్తాను,” అన్నారాయన.

వారానికి ఒకసారైనా ఆ పేజీ తెరుస్తారు. మూడో వాక్యం ఇంకా రాయలేదు.