పడవమీద లెక్క

రాజమహేంద్రవరంలో బట్టల కొట్టు పైన రెండో అంతస్తులో హారతి ఉద్యోగం. పడవలకు బీమా చేసే కంపెనీ అది. పొద్దున్న పోస్టులో వచ్చిన కవర్లు చింపి చెక్కులు వేరు చేస్తుంది. పదకొండు నుంచి ఫోన్లో డబ్బు కట్టించుకుంటుంది. ప్రతి కాలూ రికార్డవుతుంది, కానీ అవతలివాళ్లు కార్డు నంబరు చెప్పేముందు రికార్డింగు ఆపాలి. చెప్పడం అయ్యాక మళ్లీ మొదలుపెట్టాలి. ఆ నంబరు ఎక్కడా మిగలకూడదు, కాగితం ముక్క మీద కూడా. మిగిలితే ఉద్యోగం ఊడుతుంది. ఆ జీతం మీదే వాళ్లింట్లో పొయ్యి వెలుగుతోంది.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు అంతర్వేది నుంచి త్రిమూర్తులు అనే ఆయన ఫోన్ చేశాడు.

"బీమా కట్టేస్తానమ్మాయ్. ఈవేళే కదా ఆఖరు రోజు?"

"అవునండి. కార్డు నంబరు చెప్పండి." హారతి రికార్డింగు ఆపింది.

"నాలుగు, లాభం, ఆరు, లాభం, లాభం..."

హారతికి నవ్వొచ్చింది. వాళ్ల తాతగారు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అనేవారు.

"మూడు లాభాలొచ్చాయి బాబాయిగారూ, ఇంక చాల్లెండి."

"ఎన్నొచ్చినా చాలవమ్మాయ్."

గొంతు చెవి పక్కనే ఉన్నట్టుంది. వెనకాల నీళ్లు చెక్కకు కొట్టుకుంటున్న చప్పుడు. మిగతా అంకెలూ చెప్పాడు. డబ్బు పడింది.

సోమవారం పదకొండింటికి త్రిమూర్తులు భార్య వచ్చింది, పేరు చిన్నమ్మాయి. మేనేజరు సుధాకర్ బల్ల మీద పాస్‌బుక్ పెట్టింది.

"మా ఆయన బుధవారం వేటకెళ్లాడండి. గురువారం శవాన్ని తెచ్చారు. కార్డూ ఫోనూ ఆయనతోపాటే నీళ్లపాలయ్యాయి. మరి శుక్రవారం మీ కంపెనీ పేరున ఈ డబ్బు ఎవరు తీశారండి?"

సుధాకర్ హారతిని పిలిచి రికార్డింగు పెట్టాడు. అందులో హారతి గొంతు ఒక్కటే ఉంది. అవతలి మాటలు ఉండాల్సిన చోటల్లా నీళ్ల చప్పుడు.

"ఎవరితో మాట్లాడావమ్మా, గోదారితోనా?" అన్నాడు సుధాకర్. "ఈ నెల నీకు ఇచ్చిన వసూళ్ల లెక్క నిండలేదు. ఆయన కార్డు నంబరు ఎప్పుడో రాసిపెట్టుకుని వాడేశావు. తప్పు చేశానని సంతకం పెట్టి ఇంటికి వెళ్లు. పోలీసుల దాకా రానివ్వను." కాగితం ముందుకు తోశాడు.

హారతి కలం పట్టుకోలేదు. "ఆయనే చెప్పారండి. ఒకటి వచ్చినప్పుడల్లా లాభం అన్నారు."

చిన్నమ్మాయి పాస్‌బుక్ మీంచి తలెత్తింది.

"ఇంటికాడ ఒకటనే అంటాడమ్మా. బస్సు నంబరైనా, ఆధారు నంబరైనా అంతే. పడవెక్కాకే లాభం అంటాడు. పడవమీద ఒకటి అంటే ఒక్కటే చేప పడుతుందని ఆయన భయం."

సుధాకర్ పాస్‌బుక్‌లో తేదీ మళ్లీ చూశాడు.

"పడవ ఇంకా దొరకలేదండి," అంది చిన్నమ్మాయి. హారతి వైపు తిరిగింది. "ఫోను ఎవరు పెట్టేశారమ్మా? ఆయనా, నువ్వా?"

హారతి ఆలోచించింది. డబ్బు పడిందని చెప్పింది. ఆయన సరే అన్నాడు. ఈలోగా ఇంకో లైను మోగితే అటు తిరిగింది. పెట్టేసినట్టు ఎంతకీ గుర్తురాలేదు.

సుధాకర్ శుక్రవారం కాల్స్ జాబితా తెరిచాడు. ప్రతి కాల్‌కీ మొదలైన వేళ ఉంది, అయిపోయిన వేళ ఉంది. ఆ ఒక్కదానికి అయిపోయిన వేళ లేదు. దాని పక్కన గంటలు నడుస్తున్నాయి. డెబ్బై దాటాయి.

"సిస్టం పాడైనట్టుంది," అన్నాడు. కట్ చెయ్యడానికి మౌస్ మీద చెయ్యి వేశాడు.

చిన్నమ్మాయి ఆ చెయ్యి పట్టుకుంది. "వద్దు బాబూ. మట్టి చేసి వచ్చాను ఆయన్ని. ఇంక నాకు మిగిలింది ఇదొక్కటే."

సుధాకర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సంతకం కోసం తెచ్చిన కాగితాన్ని నిలువునా చింపాడు.

"హారతీ, నువ్వు వెళ్లి నీ సీట్లో కూర్చో. ఆ లైను మాత్రం ముట్టుకోకు."

హారతి తన సీటుకు వెళ్లింది. చిన్నమ్మాయి కుర్చీ కంప్యూటర్ తెర దగ్గరికి లాక్కుని, కొంగు సర్దుకుని కూర్చుంది. సెకన్లు కదులుతున్నాయి.