వైడ్ రిసీవర్ ప్రభాకర్

నలభై మూడేళ్ల వయసులో, ఎనభై ఎనిమిది కిలోల బరువుతో ప్రభాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్ అయ్యాడు. ఆ కెరీర్ ఏడు శుక్రవారాలు నడిచింది. అంతకుముందు అతను ఆడిన ఆటంటే క్యారమ్స్ ఒక్కటే, అదీ పెళ్లికి ముందు.

కారణం నితాఖత్. సౌదీవాళ్లను తగినంతమందిని ఉద్యోగాల్లో పెట్టుకోని కంపెనీలను ప్రభుత్వం ఎర్ర జాబితాలో వేసింది. సౌదీలోని ఖోబర్‌లో ప్రభాకర్ పదకొండేళ్లుగా ఫైళ్లు చూస్తున్న కంపెనీ అందులో పడింది. ఎర్ర కంపెనీలో ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే పర్మిట్, రెన్యువల్ కాదు. నవంబరు మూడులోగా పచ్చ జాబితాలోని కంపెనీ ఏదైనా తీసుకుంటే సరేసరి, లేదంటే భార్యతో సహా ఇండియాకి ఎగ్జిట్.

పచ్చ కంపెనీ ఒకటి ఇంటర్వ్యూకి పిలిచింది. మేనేజరు డగ్లస్ అనే టెక్సస్ మనిషి. అతను ప్రభాకర్ బయోడేటాను చిట్టచివరి వరుస దాకా చదివాడు. అంతదూరం అప్పటిదాకా ఎవరూ చదవలేదు, ప్రభాకర్ కూడా. పాత రూమ్మేటు బయోడేటాకి పేరు మార్చి వాడుకుంటున్నాడు. హాబీల దగ్గర ‘రీడింగ్, మ్యూజిక్, స్పోర్ట్స్’ అని అలాగే ఉండిపోయింది.

“ఏ స్పోర్ట్స్?” అడిగాడు డగ్లస్.

“ఆల్ సార్,” అన్నాడు ప్రభాకర్. ఆఫీసరు అడిగినదానికి లేదనడం వాళ్ల వంశంలో లేదు.

డగ్లస్ మొహం వెలిగిపోయింది. తాను ఉండే విదేశీయుల కాలనీ, కాంపౌండు అంటారు, దాని టీమ్‌లో వైడ్ రిసీవరు దేశం వదిలి వెళ్లిపోయాడట. “శుక్రవారం గ్రౌండుకి వచ్చెయ్. ఉద్యోగం లెటర్ సంగతి తర్వాత చూద్దాం,” అన్నాడు.

ఆట కష్టమైనదేం కాదు, చూసేవాళ్లకి. రెండు కొసలూ చెక్కినట్టుండే బంతిని ఒకడు దూరం నుంచి విసురుతాడు. వైడ్ రిసీవరు మైదానం అంచున పరిగెత్తి దాన్ని పట్టుకుని, అవతలి గీత దాటాలి. అందరూ మర్నాడు ఆఫీసుకెళ్లే మనుషులు కాబట్టి ఎవరినీ కింద పడెయ్యరు. నడుముకు వేలాడే గుడ్డపీలికను ఎదుటివాడు లాగేస్తే ఆట అక్కడ ఆగిపోతుంది.

“మా ఆయన అమెరికా టీమ్‌కు సెలెక్టయిండు,” అని ప్రేమలత పక్క ఫ్లాటు పుష్పకి చెప్పింది. ఉద్యోగం ఊడబోతోందన్న మాట మాత్రం చెప్పలేదు. మొగుడితో మటుకు, “బూట్లు మంచియి గొనుండ్రి. ఫోటోలల్ల కిందిదాంక వడుతరు,” అంది.

బూట్లు ఫోటోల్లో బాగానే పడ్డాయి. బంతి చేతుల్లో పడలేదు. అయిదు శుక్రవారాల్లో ఛాతీకి నాలుగుసార్లు, కళ్లజోడుకి ఒకసారి తగిలింది.

అప్పుడు ప్రభాకర్‌కి తన కంపెనీలోనే పనిచేసే జగిత్యాల మేస్త్రీ రాజేశం గుర్తొచ్చాడు. రాజేశం రెండో అంతస్తు పరంజా మీద నిలబడి, కిందినుంచి విసిరే ఇటుకలను జంటలు జంటలుగా పట్టుకుంటాడు. అతనిదీ అదే ఎర్ర కంపెనీ, అదే నవంబరు మూడు. కానీ అతన్ని ఇంటర్వ్యూకి ఎవరూ పిలవలేదు.

కూలీల క్యాంపు వెనక రాజేశం రెండు బంతులు విసిరి చూసి, జబ్బు తేల్చేశాడు.

“సార్, మీరు ఇసిరేటోని మొఖం జూస్తున్నరు. ఇటుకను జూడాలె.”

“మొఖం జూడకపోతె కోపమొచ్చిందో లేదో ఎట్ల తెలుస్తది?”

“ఇటుకకు కోపమెందుకొస్తది సార్? చేతులు గట్టిగ వెట్టకుండ్రి. అది ఎంత జోరుగొస్తె చేతులు గంత ఎనుకకు గుంజాలె.”

ఏడో శుక్రవారం పక్క కాంపౌండుతో మ్యాచ్. డగ్లస్ టీమ్ అయిదు పాయింట్లు వెనకబడింది, గీత దాటితే ఆరొస్తాయి, మిగిలింది ఒక్క విసురు. ఎవరూ పట్టించుకోని మూల ప్రభాకర్ ఒక్కడే ఉన్నాడు కాబట్టి బంతి అటే వచ్చింది. అతను ఎవరి మొహమూ చూడలేదు. చేతులు వెనక్కి లాగాడు. బంతి చేతుల్లో ఉండిపోయింది. “ఉరుకుండ్రి సార్!” అని, చూడ్డానికి వచ్చిన రాజేశం గీత బయటినుంచి అరిచాడు. ప్రభాకర్ ఉరికాడు.

గీత పది అడుగుల్లో ఉంది. మధ్యలో ఒకే ఒక్క మనిషి, అరవై ఏళ్లవాడు, రొప్పుతూ వస్తున్నాడు. ప్రభాకర్ గుర్తుపట్టాడు. పచ్చ కంపెనీ రిసెప్షన్‌లో ఫోటో వేలాడే జనరల్ మేనేజరు, డగ్లస్‌కి పై ఆఫీసరు.

ప్రభాకర్ ఆగాడు. పక్కకి జరిగాడు. ఎడమచేత్తో దారి చూపిస్తూ, “ప్లీజ్ సార్,” అన్నాడు.

పెద్దాయన అతని పీలిక లాగేశాడు. మ్యాచ్ అయిపోయింది.

“ఎందుకాగావ్?” అడిగాడు డగ్లస్.

“పెద్దసారు వస్తున్నారు సార్.”

డగ్లస్ బంతి తీసుకుని కారు దాకా నడిచాడు. ఆ కాసేపట్లో ప్రభాకర్ మనసులోనే ఫ్లాటు ఖాళీ చేసి, ఫ్రిజ్ కింది ఫ్లాటు మస్తాన్ వలీకి అమ్మేసి, సోఫాకి మాత్రం బేరం కుదరక బాధపడ్డాడు.

పిలుపు ఆదివారం వచ్చింది. డగ్లస్ లెటర్ మీద సంతకం పెట్టి ముందుకి తోశాడు.

“రిసీవరుగా నువ్వు దండగ. కానీ నిన్ను ఫైళ్ల దగ్గర కూర్చోబెట్టమని పెద్దాయనే చెప్పాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయనకి అడక్కుండా దారిచ్చినవాడివి నువ్వొక్కడివేనట.” ఆగి, “శుక్రవారం నాలుగింటికి వాళ్లతోనే మళ్లీ మ్యాచ్. ఇక నువ్వు మా మనిషివి, తప్పించుకోలేవు,” అన్నాడు.

ప్రభాకర్‌కి రెండు మోకాళ్లూ ఒకేసారి నొప్పిపుట్టాయి. ఆ నొప్పి వల్లే అతను ఆ గదిలో మొదటిసారి నిజం చెప్పాడు. “సార్, నాకు నేర్పిందే వేరే మనిషి. మేస్త్రీ. ఆయన్ని పెట్టుకోండి.”

ఎనిమిదో శుక్రవారం ప్రభాకర్ కుర్చీలో కూర్చున్నాడు. రాజేశం నడుముకి పీలిక కట్టుకుంటూ అడిగాడు.

“పెద్దసారు అడ్డమొస్తె ఏంజేయాలె సార్?”

“ఆగకు. పక్కకెంచి ఉరుకు.”

“మరి మీరు ఆగితిరి?”

“నేను ఆఫీసులుండేటోన్ని రాజేశం. నువ్వు మేస్త్రివి, నీకు చెల్తది.”

రాజేశం తొమ్మిది బంతులు పట్టాడు, రెండు పెద్దసారు పక్కనుంచే. అక్టోబరు నెలాఖరులో అతని ఇఖామా కూడా పచ్చ కంపెనీకి మారింది. ఉద్యోగం అన్నచోట మేస్త్రీ అనే వేశారు. ఆ కాగితాన్ని ప్రభాకరే ఫైలు చేశాడు.