ఇస్మత్ ఆపా హోటల్లో నేల

తాండూరులో నా అంత బాగా బండకు మెరుగు పెట్టేవాడు ఇంకొకడు లేడు. గొప్పలు పోతున్నాడు అనుకుంటారేమో, అనుకోండి. నేను సాన పట్టిన బండలో చూసుకుని మా పాలిష్ ఫ్యాక్టరీకి వచ్చే లారీ డ్రైవర్లు తల దువ్వుకునేవారు. ఇది ఎనభై మూడో సంవత్సరం మాట.

ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఇస్మత్ ఆపా చాయ్ హోటల్ ఉండేది. రేకుల కప్పు, నాలుగు బెంచీలు, మట్టి నేల. భర్త పోయాక ఆమె ఒక్కతే నడిపేది. గనుల్లో బండ తీసేవాళ్ళు కన్నడంలో, డ్రైవర్లు ఉర్దూలో, మేం తెలుగులో అక్కడే కూర్చుని ఒకరినొకరం ఆడిపోసుకునేవాళ్ళం. ఆపా మూడు భాషల్లోనూ అందరి నోళ్ళూ మూయించేది. రంజాన్ పండుగకు ఆమె పెట్టే షీర్ ఖుర్మా, ఉగాదికి గని మేస్త్రీ మల్లప్ప ఇంటి నుంచి తెచ్చే హోళిగలు, అదే మన బొబ్బట్లు, ఆ బెంచీల మీదే తినేవాళ్ళం. మాకు అంతకు మించిన క్లబ్బు ఏముంటుంది?

ఆ ఏడు బస్టాండు దారిలో కొత్త హోటల్ పడింది. దానికి సిమెంటు నేల, పైన ఫ్యాను.

"వాన పడ్డదంటే నా దుకాణంల నాట్లెయ్యొచ్చు తమ్మీ," అంది ఆపా ఒక రోజు. "అందరు గా సిమెంటు హోటల్‌కే పోతున్నరు. గీ వానకాలం గూడ గిట్లనే అయితే మూసేసి బషీరాబాద్‌ల మా అన్న ఇంటికి పోత."

నా ప్రాణం ఉసూరుమంది. "నువ్వు ఊకో ఆపా. బండల ఊర్ల ఉండి మట్టి మీద కూసుంటమా?" అన్నాను.

నేను అడిగితే, అంచులు విరిగిన బండలు ఊరికే తీసుకుపొమ్మన్నాడు మా ఫ్యాక్టరీ సేఠ్. పరవడం మల్లప్ప వంతు. బండ ఎత్తుపల్లాలు అతనికి అరచేతితో తెలుస్తాయి. ఉన్నవి ఉన్నట్టే పరిచేద్దామన్నాడతను. నేను వింటేనా! మెరుగు పెట్టని బండ నా చేతి మీదుగా పోతే నలుగురిలో నా పరువేం కావాలి? ఎనిమిది రోజులు, డ్యూటీ అయ్యాక రోజూ రెండు గంటలు, ఒక్కో బండకూ సాన పట్టాను.

"సాకు బిడప్పా, ఇగ చాలు!" అని మల్లప్ప మొత్తుకున్నాడు. "మనుషులు నడిచేటిదే గదా, మొకం చూసుకునేటిదా?"

పరిచిన రోజు ఆపా గడపలోనే నిలబడిపోయింది. పై రేకులు కింద కనిపిస్తున్నాయి. "గిది హోటలా, నవాబు మహలా?" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రెండు వారాలు జనం చూడడానికే వచ్చారు. నేను రోజూ గడప పక్క బెంచీ మీద కూర్చుని, అడిగినవాడికీ అడగనివాడికీ అది నా పనేనని చెప్పాను.

తర్వాత మిరుగం కార్తె తొలి వాన పడింది.

తడికాళ్ళతో, కాళ్ళకు బండల బురదతో మొదట లోపలికి వచ్చినవాడు మల్లప్ప. గడప దగ్గర జారినవాడు పొయ్యి దాకా ఆగలేదు. చేతిలోని మిర్చి బజ్జీలు మటుకు అతనికంటే ముందే చేరాయి. మర్నాడు ఒక డ్రైవరు పడ్డాడు. మూడోవాణ్ణి నేనే. ఆపా గోనె సంచులు పరిస్తే సంచులతో సహా జారారు. "ఆపా హోటల్‌కు పోతే చాయ్ తోని పట్టీ గూడ కడ్తరు," అని ఫ్యాక్టరీ అంతా ఒకటే నవ్వు. వారం తిరిగేసరికి బెంచీలు ఖాళీ.

ఒక పొద్దున పోయేసరికి ఆపా గ్లాసులకు పాత చీరపేలికలు చుట్టి డబ్బాలో సర్దుతోంది.

"నువ్వేం ఫికర్ చెయ్యకు తమ్మీ," అంది నన్ను చూసి. "మస్తు కష్టపడి చేసినవు. నా నసీబే గట్లున్నది."

తిట్టినా బాగుండేది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె కోసం చేశానని అందరికీ చెప్పుకున్నాను గానీ, చేసింది నా గొప్ప కోసమే.

మణికట్టుకు గుడ్డ కట్టుకుని మల్లప్ప వచ్చాడు. "బండకు రెండు మొకాలుంటయి విశ్వేశ్వర్," అన్నాడు. "కింది మొకం నువ్వు ముట్టలే గదా?"

ముట్టలేదు. గని నుంచి ఎట్లా లేచిందో అట్లాగే, అడుగు పట్టు దొరికేటట్టు గరుకుగా ఉంటుంది. అంటే నేలంతా తిరగెయ్యాలి. నా ఎనిమిది రోజుల పనీ మట్టిలోకి పోవాలి.

"మూలకు ఒక్కటన్న ఉండనియ్యి," అని బతిమాలాను.

"గా ఒక్క బండ మీదనే పడ్తడు ఒకడు," అన్నాడు.

ఆదివారం గడ్డపారలతో ఒక్కో బండనూ లేపి బోర్లించాం. పొయ్యి దగ్గరి చివరి బండను నేనే పట్టుకున్నాను. తువ్వాలుతో తుడిచి, అందులో నా మొహం ఒకసారి చూసుకుని, కిందికి వేశాను.

మర్నాడు జోరు వాన. మధ్యాహ్నం గంట కొట్టగానే తడికాళ్ళతో అందరూ బిలబిలమని వచ్చి కూర్చున్నారు. మల్లప్ప వర్షాన్ని కన్నడంలో తిడుతుంటే డ్రైవర్లు ఉర్దూలో వంత పాడారు. ఎవడూ జారలేదు. నేల సంగతి ఎవడూ ఎత్తలేదు. అసలు కిందికి చూసినవాడే లేడు. నేనొక్కణ్ణే చూస్తూ కూర్చున్నాను.

ఆపా గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది.

"నీ అద్దాలు ఆడనే ఉన్నయి తమ్మీ, యాడికి పోవు," అంది మెల్లగా. "నేను గూడ యాడికి పోతలేను. చాయ్ సల్లగైతది, తాగు."