యశ్వంతపురం అడ్రసు

రెండేళ్లుగా మునియమ్మ పొయ్యి మీద పప్పు రెండు గిన్నెల్లో ఉడుకుతోంది. ఒకదాంట్లో కారం పడుతుంది, రెండోదాంట్లో పడదు. ఎవరైనా అడిగితే కడుపులో మంట అనేది. బుగ్గ లోపల క్యాన్సర్ వచ్చి, బెంగళూరులో ఆపరేషన్ చేయించుకుని, రేడియేషన్ కరెంటు పెట్టించుకుని వచ్చిన సంగతి మొగుడు నరసప్పకూ కోడలు పవిత్రకూ తప్ప ధర్మవరంలో ఎవరికీ తెలియదు.

ఆ పొద్దు ఆస్మా వచ్చి వంటింటి గడప దగ్గర కూర్చుంది. హిందూపురం పిల్ల. ఏ ఊళ్లో ఎంతమందికి ఏ క్యాన్సర్ వస్తోందో దేశమంతా లెక్క తీస్తున్నారు. ఈ చుట్టుపక్కల ఊళ్లు ఆమె వంతు.

"పెద్దమ్మా, ఆస్పత్రిలో నీ అడ్రసు యశ్వంతపురమని ఉండాది. ఫోను చేస్తే ధర్మవరంలో ఎత్తితివి. నువ్వుండేది యాడ?"

నరసప్ప మగ్గం గుంతలోంచే అరిచాడు. "యశ్వంతపురమే! ఈడికి ఊరికే చూసిపోదామని వచ్చినాము."

"మగ్గం కూడా ఊరికే వచ్చిందా పెద్దనాయనా?"

పవిత్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మునియమ్మ మాత్రం నవ్వలేదు. ఆ అడ్రసు బెంగళూరులో ఉండే ఆమె చెల్లెలిది. బయటి ఊరివాళ్లని తెలిస్తే తిప్పి పంపుతారని రైల్లో ఎవరో అంటే విని ఇచ్చింది. ఇప్పుడు అబద్ధం బయటపడితే ఆర్నెల్లకోసారి చూడడం మానేస్తారు. చూడకపోతే, అది మళ్లీ వస్తే?

"యశ్వంతపురమేనమ్మా," అంది గోడవైపు తిరిగి.

ఆస్మా ఫోను సంచిలో వేసుకుంది. "సరే, నువ్వు బెంగళూరు లెక్కలోకి పోతావు. మన పక్క నోటి జబ్బు తక్కువేనని తేల్తాండాది. ఊరూరా తిరిగి నోళ్లు చూసే బండి ఒకటి వస్తాదంట. జబ్బు ఎక్కువుండే తావుకే పంపుతారు. మనకు రాదు."

ఆమె లేస్తుండగానే పక్కింటి దొడ్డమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. వయసులో ఉన్నప్పటినుంచీ వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని కండెలు చుడుతూ, ఒకే సంచిలోంచి వక్కా పొగాకూ తీసి దవడన పెట్టుకున్నవాళ్లు. జబ్బు చేశాక మునియమ్మ మానేసింది. ఎందుకు మానిందో దొడ్డమ్మకు చెప్పలేదు.

"మునెమ్మా, నీ సప్పిడి పప్పు రవంత పెట్టు మే. ఏం తిన్నా నోరు భగ్గుమంటాంది."

మునియమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. తనకూ సరిగ్గా ఇట్లే మొదలైంది.

"నోరు తెరువు."

"ఎందుకు మే, పండ్లు లెక్కబెడతావా?"

"తెరువంటే!"

పొగాకు పెట్టే చోట, పాలమీగడ అంటుకున్నట్టు తెల్లటి మచ్చ.

మునియమ్మ గరిటె గిన్నెలోకి వదిలేసింది. "ఆస్మా, కూచో. మాది ధర్మవరం. నా మగ్గం ఈడ, నా జబ్బు ఈడిది. రాసుకో."

"ఏయ్, గమ్మునుండు!" నరసప్ప గుంతలోంచి పైకి వచ్చాడు. "ఆస్పత్రోళ్లు చూడకపోతే?"

"చూడకపోతే పోనీ."

"ఎందుకు చూడరు పెద్దనాయనా?" అంది ఆస్మా. "ఏ ఊరోళ్లనైనా చూస్తారు. నాకు కావాల్సింది ఊరి లెక్క. నేనెవరి పేరూ బయట పెట్టను."

దొడ్డమ్మ నోరు ఇంకా తెరిచే ఉంది. "జబ్బా, నీకా? కడుపులో మంట అంటివే!"

"అబద్ధం చెప్తి. దోవలో తిట్టుకుందువులే, నడువు ఆస్పత్రికి."

అంతటితో ఆగలేదు మునియమ్మ. బెంగళూరు ఆస్పత్రి వరసలో 'యాడ', 'ఈడ' అనే మాట వినబడితే చాలు, మనవాళ్లని పలకరించి ఊరు అడిగేది. వాళ్లలో చాలామంది తనలాగే చుట్టాల అడ్రసులు ఇచ్చినవాళ్లే. దొడ్డమ్మ మచ్చ మొదట్లోనే దొరికిందని, తీసేస్తే సరిపోతుందని డాక్టరు చెప్పిన వారమే వాళ్లను వెతుక్కుంటూ మునియమ్మ రైలెక్కింది.

పెనుకొండలో నఫీసా తలుపు సగమే తీసింది. "నా జబ్బు గురించి వీధిలో నిలబడి అడుగుతాండావా?"

"మొదలు నాది చూడు," అని మునియమ్మ గుమ్మంలోనే నోరు తెరిచి కుట్ల గుర్తులు చూపించింది. నఫీసా కాసేపు చూసి తలుపు పూర్తిగా తీసింది. ఆస్మాకు ఆమే ఫోను చేసింది. హిందూపురంలో టీ అంగడి పోతులయ్యను అడగాల్సిన పనే లేకపోయింది. "లెక్కకు తక్కువైనామా? రాసుకోమను!" అన్నాడు. అట్లాంటి బెంగళూరు అడ్రసులన్నీ ఆస్మావాళ్లు మళ్లీ తిరగేశారు.

మరుసటి ఏడు ఆస్మా ఫోనులో కేక పెట్టింది. "పెద్దమ్మా! నోటి జబ్బు లెక్కలో మనమే పైన! బండి మనకే!"

"జబ్బు ఎక్కువైతే ఇంత సంబరమా మే?"

"ఎక్కువ కాలేదు పెద్దమ్మా! నువ్వు యశ్వంతపురం నుంచి ఇంటికొచ్చినావు, అంతే!"

బండి వచ్చిన పొద్దు మునియమ్మ పొయ్యి వీధిలోకి వచ్చింది. వచ్చినవాళ్లందరికీ అన్నం. కారం గిన్నె పక్కనే కారం లేని గిన్నె.

"ఇది నా అట్ల క్యాన్సర్‌ను గెలిచినోళ్లకు!" అని వీధంతా వినబడేట్టు అరిచింది. ఆ మాట ఆమె నోటినుంచి బయట వినబడడం అదే మొదలు.

మచ్చ తీయించుకున్న దొడ్డమ్మ గిన్నె చాపింది. "నేను గెలవకముందు నుంచే నీ సప్పిడి పప్పు తింటాండా. నాకు రెండు గరిటెలు."

బండి దగ్గర వరస సందు మలుపు దాటింది. అందులో తల వంచుకుని నరసప్ప కూడా ఉన్నాడు. మునియమ్మ గరిటెతో చూపించింది.

"డాక్టరమ్మా, ఆయప్పను బాగా చూడు. ఉండేది యాడో కూడా అడుగు!"

"ధర్మవరమే!" అన్నాడు నరసప్ప, అడక్కముందే, గట్టిగా.