ఒక ఇల్లు, ఒకే బిల్లు

రేపల్లెలో అన్నమ్మ టీచరు కంటే ఆమె నడుం నొప్పికే పేరెక్కువ. దారిలో ఎదురైనవాళ్లు ఆమె మొహం చూసి పలకరించడం ఎప్పుడో మానేశారు. నడుం వంక చూస్తూ "ఎట్టా ఉందండీ?" అని దాన్నే అడిగేవాళ్లు. ఒకరు ఆముదం మర్దన చెయ్యమన్నారు, చేయించుకుంది. ఇంకొకరు నేలమీద పడుకోమన్నారు, పడుకుంది. తెల్లారి లేపడానికి పక్కింటివాళ్లు రావలసివచ్చింది. బెల్టు కొనుక్కుని చీర మీద బిగించుకుని బడికెళితే, ఆమె పోలీసుల్లో చేరిందనుకుని రెండో తరగతి పిల్లలు ఆ రోజంతా కిక్కురుమనలేదు. బెల్టువల్ల జరిగిన మేలు అదొక్కటే.

భర్త జాన్ బాబు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఏళ్ల తరబడి బస్సు కుదుపుల్లో నిలబడ్డ మనిషే గానీ ఒంట్లో ఎక్కడా నలత లేదు. "అసలు నొప్పంటే ఎట్టా ఉంటదే?" అని కుతూహలంగా అడిగేవాడు. ఆమె చెప్పేది. శ్రద్ధగా విని, "ఓహో" అని, టీ పెట్టమనేవాడు.

చివరికి ఓ పెద్ద డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, ఆపరేషను అక్కర్లేదు, ఫిజియోథెరపీ చేయించుకోమన్నాడు. ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక అన్నమ్మ పాసింజరెక్కి తెనాలి వెళ్లింది.

క్లినిక్కు ఒక మిఠాయి కొట్టు పైన ఉంది. మెట్లు నిచ్చెనలా నిట్టనిలువు. మోకాళ్లు పట్టేసినవాళ్లూ నడుం వంగిపోయినవాళ్లూ గోడ పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కాలి. పైకి చేరాక కౌంటరులో ఉన్న క్రిస్టినా అనే అమ్మాయి మంచినీళ్లిచ్చి, పేరూ ఉద్యోగం రాసుకుని, "ఎక్కగలిగారు కదండీ, సగం తగ్గినట్టే. సార్ ఎప్పుడూ అదే అంటారు" అంది. తర్వాత ఖర్చు చెప్పింది. ఒకటి రెండుసార్లు వచ్చి ఊరుకుంటే లాభం లేదట, నెలల తరబడి రావాలట. అన్నమ్మ మనసులోనే గుణించుకుంది. ప్రైవేటు స్కూలు జీతమంతా నడుముకే పెడితే మిగతా ఒళ్లు ఏం తిని బతకాలో ఆమెకి అర్థం కాలేదు.

వెళ్లిపోదామని లేవబోయి, లేవలేక బెంచీ మీదే ఉండిపోయింది. అప్పుడు కనబడింది ఎదురు గోడకి అంటించిన కాగితం. "ఒక ఇల్లు, ఒకే బిల్లు! కుటుంబంలో ఎంతమందికి నొప్పులున్నా ఒక్కరి ఖర్చే!"

బెంచీ మీదున్న మరో ఇద్దరు కూడా ఆ కాగితాన్నే చదువుతున్నారు. ఒకాయన మెడ తిరగక, మొత్తం మనిషే పక్కకి తిరిగి చదువుతున్నాడు. పేరు ఖాజా మొహిద్దీన్. ఉండేది బాపట్లలో, టైలరు షాపు తెనాలిలో. రెండో మనిషి కావేరి. ముప్పై ఏళ్లుంటాయి. రేపల్లె దగ్గర షెడ్డులో రొయ్యలు ఒలుస్తుంది. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు.

"అక్కా," అన్నాడు ఖాజా, మెడతోపాటు నడుమునీ కాళ్లనీ ఆమెవైపు తిప్పి. "మీ ఇంట్లో ఇంకెవరికన్నా నొప్పులున్నాయా?"

"లేవు బాబూ. మా ఆయనకి నొప్పంటే ఏంటో కూడా తెలీదు."

"మా ఇంట్లోనూ అంతే. అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు." మళ్లీ కాగితం వైపు మొత్తం మనిషే తిరిగాడు. "ఇంటికొక్కళ్లకే నొప్పయితే ఆ స్కీము ఎవరికి పెట్టినట్టు? మన ముగ్గురం ఒకింటివాళ్లమైతే పోలా?"

"అబద్ధం ఆడమంటారా? నేను సండే స్కూల్లో పిల్లలకి పది ఆజ్ఞలు చెబుతానండీ."

"మీరేం చెప్పొద్దమ్మా," అంది కావేరి. "మేం చెప్పుకుంటాం. మీరు ఊరికే కూర్చోండి. కూర్చుంటే అబద్ధమాడినట్టు కాదుగా."

అది ఎంతవరకు న్యాయమో అన్నమ్మ తేల్చుకునేలోపే ఇద్దరూ కౌంటరు దగ్గరికి వెళ్లిపోయారు. తొందరలో ఒక మాట అనుకోవడం మరిచారు. ఆ పెద్దావిడ మీకేమవుతుందని క్రిస్టినా అడగ్గానే ఖాజా "మా అక్క" అన్నాడు. సరిగ్గా అప్పుడే కావేరి "మా అత్త" అంది.

క్రిస్టినా పెన్ను గడ్డానికి ఆనించి వరస కలిపింది. "అంటే మీరు కోడలు. ఈయన మీ ఆయనకి మేనమామ. బానే ఉంది. కానీ అక్క అన్నమ్మ, తమ్ముడు ఖాజా మొహిద్దీనా?"

"మా నాన్నకి అందరు దేవుళ్లూ కావలసినవాళ్లేనమ్మా," అన్నాడు ఖాజా.

"మా తాతయ్యా అంతేనండి," అని రాసుకుని, క్రిస్టినా బెంచీ వైపు చూసింది. "టీచరు గారూ, మీ అబ్బాయి పేరేంటండి?"

అన్నమ్మకి పిల్లల్లేరు. పిల్లలెంతమంది అని అడిగి, జవాబు విని తలొంచుకున్నవాళ్లే గానీ, ఉన్నాడని నమ్మి పేరడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు. ఈలోపు కావేరి తన మొగుడి పేరు చెప్పేసింది. "శ్యామ్ అండి."

డాక్టర్ శశిధర్ కుర్రవాడే గానీ చెయ్యి మంచిది. ఆ సంగతి ముగ్గురూ ఒప్పుకున్నారు. అన్నమ్మ నడుముకి కరెంటు తీగలు అంటించి చీమలు పాకించేవాడు. ఖాజా మెడని బరువులు కట్టి లాగేవాడు. కావేరి చేత వేళ్లని పైపైకి నడిపిస్తూ గోడ ఎక్కించేవాడు. మొదట్లో నొప్పులు పెరిగాయి. అది మంచి లక్షణమన్నాడు. తర్వాత తగ్గాయి. అదీ మంచి లక్షణమే అన్నాడు. వచ్చిన బిల్లు ముగ్గురూ పంచుకునేవాళ్లు.

చిక్కల్లా ఆయన సిద్ధాంతంతోనే వచ్చింది. శశిధర్ లెక్కలో నొప్పి మనిషిది కాదు, ఇంటిది. "అత్తకి నడుం, కోడలికి భుజం, మేనమామకి మెడ. ఒకే ఇంట్లో ఇన్ని ఊరికే వస్తాయా?" అన్నాడు ఒకరోజు ముగ్గురినీ కూర్చోబెట్టి. "ఎవరో ఎవరితోనో మనసు విప్పి మాట్లాడట్లేదు. ఆ మాట ఒంట్లో గడ్డకట్టింది. ఏమ్మా కావేరీ, మీ అత్తగారు నిన్నేమన్నా అంటారా?"

"అబ్బే, లేదండి. అసలామె ఎవరో నాకు సరిగా..."

ఖాజా గట్టిగా దగ్గాడు.

"...సరిగా ఎదురు కూడా చెప్పనండి," అంది కావేరి.

డాక్టరు తల పంకించాడు. అనుమానం ఖాయమైంది. ఇకనుంచి సాయంత్రం వ్యాయామాలు ఇంట్లో ముగ్గురూ కలిసే చెయ్యాలి, తాను ఫోనులో వీడియో పెట్టి చూస్తానన్నాడు.

ఇల్లు ఎక్కణ్ణించి తేవాలి? ఖాజా బాపట్ల వైపు, ఆడవాళ్లిద్దరూ రేపల్లె వైపు. సాయంత్రం ముగ్గురూ కలిసుండే చోటు తెనాలి స్టేషనొక్కటే. ఖాజా షాపు నుంచి లైనింగు గుడ్డ తెచ్చి సిమెంటు బెంచీ మీద పరిచాడు. అన్నమ్మ దానిమీద వెల్లకిలా పడుకుని, ప్రయాణికులు చూస్తుండగా మోకాళ్లు మడిచి నడుం పైకెత్తింది. కావేరి వేళ్లతో స్తంభం ఎక్కసాగింది.

"మీ హాలు చాలా పెద్దదే," అన్నాడు ఫోనులో శశిధర్.

"ఉమ్మడి కుటుంబం కదండీ," అన్నాడు ఖాజా.

రేపల్లె వెళ్లవలసిన పాసింజరు గురించి మైకు మూడు భాషల్లో చెప్పింది.

"ఆ గొంతెవరిది?"

"పక్కింటివాళ్ల టీవీ అండి. చెవిటివాళ్లు."

కొన్నాళ్లకి ప్లాట్‌ఫారం మీద చూస్తున్నవాళ్లు చూస్తూ ఊరుకోలేకపోయారు. నొప్పి లేనిదెవరికి? మల్లెపూల బుట్ట దించి ఒకామె చేతులెత్తింది. ఇద్దరు కాలేజీ పిల్లలు మెడలు తిప్పారు. డ్యూటీ దిగిన టికెట్ కలెక్టరు కోటు మడిచి పక్కన పెట్టి గోడకి వీపు ఆనించాడు.

"వెనకాల వాళ్లంతా ఎవరు?" అన్నాడు శశిధర్.

"బంధువులండి. ఇంట్లో శుభకార్యం."

శశిధర్ ఫోనుని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. "అందరి మెడలూ ఒకేలా ముందుకి వాలాయి! ఒకే రక్తం!" అన్నాడు గద్గదంగా.

ఆ మాట ప్లాట్‌ఫారమంతా విన్నది. మర్నాడు అన్నమ్మ మెట్లెక్కేసరికి కౌంటరు ముందు జనం. "టీచరు గారూ, ఈయన మీ పెదనాన్న గారబ్బాయట," అంది క్రిస్టినా. ఆ పెదనాన్న కొడుకు ముందురోజు ప్లాట్‌ఫారం గోడకి వీపు ఆనించిన టికెట్ కలెక్టరే. "వదినా, బాగున్నావా?" అంది మల్లెపూలామె. ఒక ముసలాయన ఏ వరస చెప్పాలో తోచక, "నేనూ అటువైపేనండి" అన్నాడు.

అన్నమ్మ ఇక తట్టుకోలేకపోయింది. రాత్రిళ్లు నడుం నిద్రపోతోంది గానీ మనస్సాక్షి పోవడం లేదు. నేరుగా లోపలికి వెళ్లి, "డాక్టరు గారూ, నన్ను క్షమించండి. వీళ్లెవరూ నాకేమీ కారు. ఖాజా నా తమ్ముడు కాడు. కావేరి నా కోడలు కాదు. నాకసలు కొడుకే లేడు" అంది. అని ఏడ్చేసింది.

శశిధర్ ఆమెని మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టాడు. "ఇంత దూరం వచ్చిందా?" అన్నాడు జాలిగా. "నొప్పి ముదిరితే మనిషి సొంతవాళ్లని కూడా కాదనేస్తాడమ్మా. కన్నకొడుకునే లేడంటున్నారు. ఇంక ఆలస్యం చెయ్యకూడదు. వచ్చే ఆదివారం అందరూ మీ ఇంట్లో కలిసి భోంచెయ్యాలి. నేనూ వస్తాను."

ఆమె ఎంత చెప్పినా వినలేదు. చెప్పినకొద్దీ జబ్బు ముదిరిందన్న నమ్మకమే ఆయనలో పెరిగింది.

ఆదివారం ఆరాధన అయ్యేసరికి రేపల్లెలో అన్నమ్మ ఇంటి ముందు ఆటో ఆగింది. ఖాజా, పలావు గిన్నె పట్టుకుని అతని భార్య అబీదా దిగారు. వెనకే కావేరి, ఆమె మొగుడు శ్యామ్. అతను ట్రాక్టరు తోలతాడు. నాటకం సంగతి అంతంతమాత్రమే విన్నాడు, వచ్చింది పలావు కోసం. అయినా గుమ్మంలో జాన్ బాబుని చూడగానే, "బాగున్నావా నాన్నా" అన్నాడు.

జాన్ బాబు భార్యని వంటింట్లోకి లాక్కెళ్లాడు. "నాకు ఇంత కొడుకున్నాడా?"

"మధ్యాహ్నం దాకానేలెండి."

"తాగుతాడా?"

"నాకేం తెలుసు?"

"కొడుకు సంగతి తల్లికి తెలీకపోతే ఎట్టాగే?" అని విసుక్కుని, వెళ్లి శ్యామ్‌ని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

శశిధర్ వచ్చి ఇల్లంతా కలియదిరిగాడు. రెండు గదులే. "ఆ పెద్ద హాలేది? స్తంభాలు?"

"వాస్తు బాలేదని తీయించేశామండి," అన్నాడు ఖాజా.

భోజనాలకి కూర్చున్నారు. సగంలో శ్యామ్ తలెత్తకుండానే, "కావేరీ, నీళ్లు" అన్నాడు. కావేరి లేచి, మూలనున్న పెద్ద నీళ్ల టిన్నుని కుడిచేత్తో ఎత్తబోయి, భుజం కలుక్కుమని పళ్లు బిగించింది. అలవాటైన మనిషి కాబట్టి చప్పుడు చెయ్యలేదు. అన్నమ్మ మాత్రం చూసింది.

"ఆగు," అంది అన్నమ్మ. "ఏరా శ్యామ్, ఇంట్లో నీళ్ల టిన్నులు ఎవరు మోస్తున్నారు?"

"అదే మోస్తదండీ... అమ్మా."

"పొద్దస్తమానం మంచులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచొచ్చే పిల్ల, ఆ భుజంతో నీళ్లు మోస్తుందా? నీ చేతులేమయ్యాయి? పలావు దగ్గర బానే ఆడుతున్నాయే! దాని చెయ్యి పైకి లేవట్లేదని నీకు తెలుసా అసలు? జడ ఎవరు వేస్తున్నారో ఎప్పుడన్నా అడిగావా?"

బడిలో కూడా ఆమె గొంతు ఎప్పుడూ అంత పైకి లేవలేదు. జాన్ బాబు ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. శ్యామ్ చెయ్యి పళ్లెంలోంచి తీసేశాడు. ట్రాక్టరు తోలే అంత మనిషి, బెంచీ ఎక్కించిన పిల్లాడిలా తలొంచుకున్నాడు. "జడ పక్కింటామె వేస్తదనుకుంటా," అని గొణిగాడు. తర్వాత, "రేపట్నుంచి నీళ్లు నేనే తెస్తాలే అమ్మా," అన్నాడు.

అది నాటకమో నిజమో ఎవరికీ అంతుబట్టలేదు. కావేరి కొంగుతో మొహం తుడుచుకుంటూ గోడవైపు తిరిగింది.

శశిధర్ మాత్రం ఎంగిలిచేత్తోనే లేచి నిలబడ్డాడు. "ఇదేనమ్మా! ఇన్నాళ్లూ మీ నడుంలో ఉన్న మాట ఇదే!"

"ఇంకొంచెం పలావు పెట్టమంటారా?" అంది అబీదా.

సోమవారం అన్నమ్మ గోడ పట్టుకోకుండా మెట్లెక్కింది. ఆ సంగతి పైకి చేరాక గానీ ఆమెకి తట్టలేదు. గోడమీద కాగితం లేదు.

"స్కీము ఎత్తేశామండీ," అంది క్రిస్టినా దిగులుగా. "అన్నీ దొంగ కుటుంబాలే. బజార్లో పక్కపక్కన కొట్లవాళ్లు అన్నదమ్ములమని వచ్చేశారు. ఒకాయనైతే తన ఇళ్లలో అద్దెకున్నవాళ్లందర్నీ బావమరుదులని రాయించాడు. మనుషులు మరీ ఇంత అబద్ధాలాడతారనుకోలేదండి. మీది మాత్రం ఉంచమన్నారు సార్. స్వయంగా ఇంటికొచ్చి కళ్లారా చూశారు కదా."

అన్నమ్మ మొహం ఎర్రబడింది. లోపలికి వెళ్లి, "డాక్టరు గారూ, ఆ రోజు చెప్పిందే మళ్లీ చెబుతున్నానండి. దేవుని తోడు..." అని మొదలుపెట్టింది.

"బోర్లా పడుకోండమ్మా," అన్నాడు శశిధర్.

పడుకుంది. పరదా అవతల వేడి కాపడం సంచి కోసం గొడవ జరుగుతోంది. "నా వంతు మావయ్యా! మీరిందాకే పెట్టుకున్నారు," అంటోంది కావేరి. "పెద్దవాణ్ణి, మెడ పట్టేసినవాణ్ణి," అంటున్నాడు ఖాజా. "అత్తా! చూడండి ఈయన్ని!"

"ఇచ్చెయ్ తమ్ముడూ, చిన్నపిల్ల," అంది అన్నమ్మ, బల్ల మీద తల ఎత్తకుండానే.

శశిధర్ రెండు బొటనవేళ్లు ఆమె నడుం మీద ఆనించాడు. "ఊపిరి వదలండి," అన్నాడు.

అన్నమ్మ వదిలింది.